దామిర్‌కి మొదటి కత్తెర

“ఎవరు కోశారో మర్యాదగా చెప్పండి!”

మా అత్తయ్య హస్నియా అడగడం ఇది మూడోసారి. మూడోసారి కూడా ఎవరూ పలకలేదు.

నా ఒళ్ళో కూర్చున్న దామిర్ ఒక్కడే హాయిగా రొట్టె ముక్క చప్పరిస్తున్నాడు. వాడికి ఏడాది నిండింది. నిన్న సాయంత్రం దాకా ఉంగరాల జుట్టు వాడి కళ్ళలో పడుతుండేది. పొద్దున్న లేచి చూస్తే నుదుటి మీద సరిగ్గా మధ్యలో ఒక కుచ్చు మాయం. నా కొడుకు తల మేక మేసిన పాదులా ఉంది.

“మధ్యాహ్నం పక్కింటి స్తీపో వస్తాడు. కూమ్‌గా కూర్చుని వీడికి పుట్టువెంట్రుకలు తీస్తాడు. వీధి వీధంతా చూడ్డానికి వస్తుంది. మొదటి కత్తెర ముందే ఎవరో పెట్టేశాక ఆయన పెట్టేది రెండోది కాదా? రెండో కత్తెరకి బజార్లో బార్బరు చాలు, కూమ్ ఎందుకు?”

అవతలి మతం పొరుగువాణ్ణి పిలిచి, పిల్లాడికి మొదటి కత్తెర పెట్టించి, ఆ ఇంటిని ఈ ఇంటికి కూమ్‌గా కట్టేసుకోవడం మా బోస్నియాలో పాత ముస్లిం ఇళ్ళ మర్యాద. ఒక్క చుక్క రక్తం పంచుకోకుండానే రక్తసంబంధం. యుద్ధం తర్వాత ఈ యాయిత్సె ఊళ్ళో ఎవరూ చేయలేదు. మా అత్తయ్య చేస్తానంది. ఊరంతా మెచ్చుకుంది.

అత్తయ్య చూపు గది చుట్టూ తిరిగి తిరిగి మా నాన్న మీద ఆగింది.

మా నాన్న ఒస్తోయా నిన్ననే కొండ అవతలి నుంచి మనవడి వేడుకకి వచ్చాడు. వస్తూ గొర్రెపాల జున్ను, రెండు సీసాల ప్లమ్ సారా, ఒక పెద్ద గొంతు తెచ్చాడు. సారా సీసాల్ని అత్తయ్య గడప దాటనివ్వలేదు. గొంతుని ఆపడం మాత్రం ఎవరి వల్లా కాలేదు.

“నన్నెందుకలా చూస్తావు చెల్లెమ్మా?”

“నేనేం అనలేదే అన్నయ్యగారూ!”

“అనకుండానే అన్నావు. సెర్బువాడు ఇంట్లో పడుకున్నాడు, తెల్లారేసరికి సొత్తు పోయింది. అంతేగా?”

“అన్నది మీరు. నేను కాదు.”

“నేనే కోస్తే దొంగచాటుగా కోస్తానా? నడివీధిలో కుర్చీ వేసుకుని కోస్తాను! మా ఇంటికి తాతల నాటి నుంచీ ఒక్కటే కూమ్ ఇల్లు, స్పాసోయె వాళ్ళది. వాళ్ళని పిలవండర్రా అని ఫోన్లో మొత్తుకున్నాను. విన్నారా? మీకు క్రొయాటు ముద్దొచ్చాడు.”

“క్రొయాటు కాదు, పొరుగువాడు.”

“ఆ పొరుగువాళ్ళే కదా అప్పట్లో మీ మీద తుపాకులు తిప్పింది?”

“దానికి ముందేడు తిప్పింది ఎవరో?”

మా ఇంట్లో చరిత్ర పాఠం ఎప్పుడూ ఇక్కడి దాకానే నడుస్తుంది. చెరొక ఏడాది తీసి ఎదుటివాళ్ళ మీదికి విసురుకుంటారు. ఇంకొక్క మాట అంటే అది నిజంగా తగులుతుందని ఇద్దరికీ తెలుసు. అక్కడ ఆగిపోతారు. ఆ తర్వాత ఎవరో ఒకరు కాఫీ పెడతారు.

“నా కొడుకు నెత్తి మీద ఇంత జరుగుతుంటే నన్ను మాత్రం ఒక్కరూ అడగరేం?” అన్నాను నేను, ఉండబట్టలేక.

“నిన్నడిగేదేముందే యాగొదా, నువ్వు తల్లివి,” అంది అత్తయ్య.

ఆ మాటకి అర్థమేమిటో ఈ ఇంటి కోడలినయ్యాక ఇంతవరకూ నాకు బోధపడలేదు. పిల్లాణ్ణి చంకనేసుకుని పెరట్లోకి నడిచాను.

నా మొగుడు నెజాద్ అక్కడ గొర్రెను చువ్వకి గుచ్చి నిప్పుల మీద తిప్పుతున్నాడు. లోపల అరుపులు పెరిగేకొద్దీ ఇంకాస్త శ్రద్ధగా తిప్పుతున్నాడు.

“మీ అమ్మకీ మా నాన్నకీ మధ్య నువ్వొచ్చి కాస్త ఒక మాట చెప్పకూడదూ?”

“గొర్రె మాడిపోతుంది.”

“నేను మాడిపోయినా ఫరవాలేదా?”

“నిన్ను తిప్పేవాళ్ళు లోపల ఇద్దరున్నారు. దీనికి నేనొక్కణ్ణే.”

ఆ మాటకి నవ్వొచ్చింది. నవ్వినందుకు నా మీద నాకే కోపమొచ్చింది. ఈ మనిషిని నేను కట్టుకున్నదే ఈ నవ్వు వల్ల. అప్పట్లో కొండ అవతల మా వాళ్ళంతా “టర్కువాళ్ళింటికి పోతావా?” అన్నారు, ముస్లింలంతా వాళ్ళ నోట టర్కువాళ్ళే. ఇక్కడి వాళ్ళు “మన మీద ఫిరంగులు పేల్చినవాళ్ళ పిల్లా?” అన్నారు. నెజాద్ మాత్రం “మీ ఇంట్లో జున్ను బాగుంటుందట కదా?” అన్నాడు. అంతే, నేను పడిపోయాను.

సరే, కాఫీ అయినా పెడదామని వంటగదిలోకి వెళ్ళాను. అక్కడ నా ఆడపడుచు జినెతా పీతా అనే పొరల రొట్టెకి పిండి సాగదీస్తోంది. మందుల షాపులో పనిచేసే పిల్లే గానీ ఆ చేతులు పిండి కోసమే పుట్టాయి. తను సాగదీసిన పొర కింద పేపరు పెట్టి చదవచ్చని వీధిలో చెప్పుకుంటారు. ఇవాళ ఆ పొర నిండా చిల్లులే. నన్ను చూసి తేలు కుట్టిన దొంగలా తలొంచుకుంది.

నేను తలుపు దగ్గరగా వేశాను.

“నువ్వే కదూ?”

“అరవకు వదినా.”

“నేనింకా అరవలేదు. ఎందుకు కోశావో చెప్పు. అరవాలో వద్దో తర్వాత చూద్దాం.”

“స్తీపో మామయ్య మనకి కూమ్ కాకూడదు.”

“ఏం? క్రొయాటనా?”

“నువ్వు కూడానా వదినా!” జినెతా కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. “ఆయన కూమ్ అయితే మనింటికీ వాళ్ళింటికీ చుట్టరికం కలుస్తుంది. కూమ్ ఇంటికి పిల్లనివ్వరు, ఆ ఇంటి పిల్లను తెచ్చుకోరు. తరతరాలా అంతే. రేపట్నించీ వాళ్ళ క్రెషో నాకు అన్న అవుతాడు.”

“క్రెషో నీకు అన్న అయితే నీకేం...” అని మొదలుపెట్టి మధ్యలోనే ఆగిపోయాను. జినెతా చెవులు ఎర్రబడ్డాయి.

“ఎప్పట్నించీ?”

“రెండేళ్ళయింది.”

“రెండేళ్ళు! ప్రహరీకి ఆ పక్కా ఈ పక్కా! నా కళ్ళేం చేస్తున్నాయంట?”

“అప్పుడు నువ్వింకా మా అన్నయ్యనే చూస్తున్నావు.”

“ఆ పని ఎప్పుడో మానేశాను.”

ఇద్దరం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాం. నవ్వు అయ్యాక జినెతా గట్టిగా ముక్కు చీదింది.

“మీ అమ్మతో చెప్పకపోయావా?”

“నువ్వొచ్చిన రోజు అమ్మ ఏమందో మర్చిపోయావా?”

నేనెలా మర్చిపోతాను? అత్తయ్య నన్ను ముద్దు పెట్టుకుని, కాఫీ ఇచ్చి, నెజాద్ వైపు తిరిగి అంది: ‘సరే, ఒకదాన్ని తెచ్చావు. ఈ ఇంట్లో బయటివాళ్ళ వాటా దీనితో అయిపోయింది.’ ఆ రోజు నాకది తమాషాగా తోచింది. నా వెనక వరసలో ఇంకొకరు నిలబడి ఉన్నారని నాకేం తెలుసు?

“క్రెషో ఏమంటాడు?”

“వాళ్ళ నాన్నతో చెప్పేస్తానన్నాడు. నేనే ఆపాను. నేనేదో ఒకటి చేస్తాలే, నువ్వు నోరెత్తకు అన్నాను.”

“ఆ చేసిన ఘనకార్యం నా కొడుకు నెత్తి గొరగడమా?”

“మొదటి కత్తెర అయిపోయిందంటే అమ్మ ఆపేస్తుందనుకున్నాను...” అని జినెతా మళ్ళీ ఏడుపు మొదలెట్టింది. కన్నీళ్ళు పిండిలో పడుతున్నాయి. ఉప్పు ఎలాగూ వేయాలి కదా అని నేను ఆపలేదు.

నాకు ఆ పిల్లంటే ప్రాణం. ఈ ఇంట్లో మొదటి ఏడాది, బజార్లో నన్ను చూసి ఎవరైనా మాట విసిరితే, పక్కన నిలబడి తిరిగి విసిరింది తనే. ఇవాళ తన కోసం నేను ఒక్క అబద్ధమైనా ఆడకపోతే ఎలా?

అత్తయ్య ముందు గదిలో కత్తెరను గుడ్డతో మెరుగు పెడుతోంది.

“అత్తయ్యా, దామిర్‌కి ఒళ్ళు వెచ్చగా ఉంది. ఇంకో వారం ఆగుదామా?”

ఆవిడ పిల్లాడి నుదురు ముట్టుకుంది. తర్వాత నా చెయ్యి ముట్టుకుంది. “వాడు చల్లగానే ఉన్నాడు. నువ్వే కాలిపోతున్నావు.”

“పోనీ, కుచ్చు పోయింది కదా. అపశకునమేమో.”

“ఎలక కొరికిందనుకుంటా. మిగతా జుట్టుకి ఇంకా కత్తెర తగల్లేదు కదా, చాలు.”

“పొద్దున్న మీరే కదా...”

“పొద్దున్న కోపంలో ఉన్నాను. చూడు యాగొదా, కూమ్‌ని పిలిచాక వద్దనడం జరగదు. పిలిచాక కూమ్ రాననడం అసలే జరగదు. ఈ రెండూ ఈ ఊళ్ళో ఎవరూ చేయలేదు. వెళ్ళి బట్టలు మార్చుకో.”

అంత రభస చేసిన మనిషి ఇంత తేలిగ్గా చల్లబడటం వింతగానే అనిపించింది. కానీ అప్పటికే గేటు దగ్గర చుట్టుపక్కల వాళ్ళ గొంతులు వినబడుతున్నాయి. ఆలోచించే తీరిక లేకపోయింది.

మసీదు పిలుపు ముగిసేసరికి చర్చి నుంచి ఇంటికెళ్ళి స్తీపో, ఆయన భార్య కాతా వచ్చారు. స్తీపో పెళ్ళినాటి కోటు తొడుక్కుని బొత్తాలు పట్టక అవస్థ పడుతున్నాడు. చంకలో దామిర్ కోసం చెక్క గుర్రం. కాతా చేతిలో అక్రోట్ల రొట్టె. వెనకాల క్రెషో మా ఇంటికి చాలని కుర్చీలు మోసుకొస్తున్నాడు. పొడుగాటి పిల్లాడు, గుమ్మం దగ్గర ఎప్పుడూ తల వంచడం మర్చిపోతాడు. ఇవాళ కూడా తగిలింది.

గుమ్మంలో స్తీపోకి మా నాన్న ఎదురయ్యాడు.

యుద్ధానికి ముందు ఇద్దరిదీ ఒకే ఫ్యాక్టరీ, ఒకే ఫుట్‌బాల్ జట్టు. స్తీపో ముందు వరసలో ఆడేవాడు, నాన్న గోల్ కాసేవాడు. యుద్ధంలో చెరో వైపుకి పోయారు. మా పెళ్ళి రిజిస్ట్రారు ముందు నలుగురి మధ్య అయిపోయింది కాబట్టి అక్కడా కలవలేదు. ఇన్నేళ్ళ తర్వాత ముఖాముఖి ఇదే. పెరట్లో చువ్వ తిరగడం కూడా ఆగింది.

“లావెక్కావు,” అన్నాడు నాన్న.

“నువ్వు పొట్టయ్యావు,” అన్నాడు స్తీపో.

“నేను మొదట్నించీ ఇంతే.”

“అందుకే ఆ పెనాల్టీ నీ నెత్తి మీంచి పోయింది.”

“నెత్తి మీంచి కాదు! చేతికి తగిలి పోయింది! ఆ రోజు వాన!”

“వాన వాళ్ళకి పడలేదా?”

“బంతి సబ్బు ముక్కలా ఉంది!”

“సబ్బు వాళ్ళ కాలికి అంటుకోలేదా?”

“ఇన్నేళ్ళు మాట్లాడుకోనిది ఈ పెనాల్టీ గురించేనా నాన్నా?” అన్నాను నేను.

“నువ్వాగు!” అన్నారు ఇద్దరూ ఒకేసారి.

ఆ తర్వాత ఒకళ్ళ భుజం ఒకళ్ళు పట్టుకుని చాలాసేపు అలాగే నిలబడ్డారు. నాన్న కళ్ళు తుడుచుకుంటూ “పొగ” అన్నాడు. గొర్రె పెరట్లో ఉంది. మేం ముందు గదిలో ఉన్నాం. ఎవరూ కాదనలేదు.

వేడుకకి వేళయింది. స్తీపోని కిటికీ దగ్గర దిండు మీద కూర్చోబెట్టి, దామిర్‌ని ఆయన ఒళ్ళో ఉంచారు. కుట్టుపని చేసిన తెల్లగుడ్డ మీద కత్తెర పెట్టారు. వాడు ఆయన కోటు బొత్తాం నోట్లో పెట్టుకున్నాడు.

“ఇదేమిటి, నాకంటే ముందు ఎవరో బోణీ చేశారే!” అన్నాడు స్తీపో నుదురు చూసి.

“ఎలక,” అంది అత్తయ్య.

“పెద్ద ఎలకే.” అందరూ నవ్వారు. “సరే హస్నియక్కా, దేవుడి పేరు చెప్పి మొదలుపెట్టాలి కదా. ఎవరి దేవుడి పేరు చెప్పను?”

“నీకు తెలిసిన పేరే చెప్పు. ఆయనకి వినబడుతుంది.”

ఆ మాటకి పక్కింటి ముసలావిడ కళ్ళొత్తుకుంది. ఇంత మంచి మాట, ఇంత మంచి వేడుక, ఇందులో ఒక పిల్ల బతుకు నలిగిపోతోందని ఇంట్లో ముగ్గురికే తెలుసు. అలా అనుకున్నాను అప్పటికి.

కత్తెర తెరుచుకుంది.

“ఆగండి మామయ్యా!”

జినెతా కాఫీ పళ్ళెంతో గుమ్మంలో నిలబడి ఉంది. పళ్ళెం ఒరిగిపోయి కాఫీ అంతా తివాచీ మీద పడింది. తను అటు చూడనైనా చూడలేదు.

“మీరు కొయ్యద్దు. మీరు కూమ్ అయితే... క్రెషో, నేనూ...”

మిగతాది వీధి వీధంతా మనసులో పూర్తి చేసుకుంది.

క్రెషో చేతికొక కుర్చీ పట్టుకుని, దించడం కూడా మర్చిపోయి నిలబడ్డాడు.

“మా క్రెషోనా?” అన్నాడు స్తీపో, వీధిలో నలుగురు క్రెషోలు ఉన్నట్టు.

“నీకేదైనా ఊరందరి తర్వాతే తెలుస్తుంది,” అంది కాతా.

అందరం అత్తయ్య వైపు తిరిగాం. ఆవిడ ముఖంలో ఏ మార్పూ లేదు.

“కొయ్యి స్తీపో.”

“హస్నియక్కా, విన్నావు కదా...”

“నేను కొత్తగా విన్నదేమీ లేదు. కొయ్యి.”

“అమ్మా!” అంది జినెతా. “నీకు తెలుసా?”

“కిందటి చలికాలమంతా మన గుమ్మం ముందు మంచు ఎవరు తవ్వారే? మీ అన్న పొద్దెక్కితే గానీ లేవడు. దేవదూతలు పారలు పట్టుకుని దిగొచ్చారా?”

“మన గుమ్మం ముందు నేనే తవ్వుకున్నాను!” స్తీపో కొడుకు మీద అరిచాడు. “నడుం పట్టేసి మంచాన పడ్డాను కూడా!”

ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు. నాకు మాత్రం అప్పుడు బోధపడింది.

“అయితే అత్తయ్యా, స్తీపో మామయ్యని కూమ్‌గా పిలిచింది మర్యాద కోసం కాదన్నమాట. అడ్డుగోడ కోసం.”

“మర్యాదతోనే కట్టాను గోడ. తిట్టి కట్టానా, కొట్టి కట్టానా? నా ఇంటి కూమ్‌వి అని ఊరి ముందు నెత్తిన పెట్టుకుని కట్టాను. ఇంతకంటే మంచి గోడ ఎవరైనా కడితే చూపించు.”

అత్తయ్య గొంతు కొంచెం తగ్గింది.

“నాకు స్తీపో అంటే పడదా? యుద్ధం అయ్యాక మేం తిరిగొచ్చిన రోజు ఈ ఇంటికి తలుపుల్లేవు, కిటికీల్లేవు. అందరికంటే ముందు వేడి వేడి చారు కుండ పట్టుకుని వచ్చింది ఈ కాతాయే. నేను చచ్చేదాకా మర్చిపోను. కానీ నాకున్నది ఇద్దరు. ఒకడు సెర్బు పిల్లను తెచ్చాడు. బంగారంలాంటి పిల్ల, కాదనను. ఇది క్రొయాట్ల ఇంటికి పోతే, రేపు నేను పోయాక బయ్‌రామ్ పండగ పొద్దున్న నా సమాధి దగ్గర నిలబడి ఫాతిహా చదివేదెవరు? ఈ దామిర్‌గాడు బడికి పోతే ఏ తలుపులోంచి పోతాడు? ఒక్క బడికి రెండు తలుపులు పెట్టుకున్నారు, మన పిల్లలకొకటి, వాళ్ళ పిల్లలకొకటి.”

“మా సెర్బు పిల్లలకి ఆ ఒక్కటీ లేదు,” అని గొణిగాడు నాన్న.

“వీడికిక కిటికీలోంచి దూకడమే గతి!” అంది అత్తయ్య.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నాకు నొప్పి కలిగింది, చెప్పొద్దూ.

“ఏటా మీ బయ్‌రామ్‌కి బక్లవా మిఠాయి చేస్తున్నదెవరత్తయ్యా?”

“నువ్వే. జినెతా కంటే బాగా చేస్తావు. అదే నా ఏడుపు.”

ఆ మాటతో నా కోపమంతా ఎటో పోయింది. ఆవిడ చెయ్యి పట్టుకుందామనుకున్నాను. పట్టుకోనివ్వలేదు.

“కొయ్యి స్తీపో,” అంది మళ్ళీ.

పాపం స్తీపో అడకత్తెరలో పోకచెక్క అయిపోయాడు. కోస్తే కొడుకు కాపురం పోతుంది. కోయనంటే ఊళ్ళో పరువు పోతుంది. కూమ్ పిలుపుని తోసేసినవాడి ఇంట కాఫీ తాగరు మా దగ్గర. ఆయన కత్తెర చూశాడు, కొడుకుని చూశాడు, బొత్తాం నములుతున్న నా కొడుకుని చూశాడు. తర్వాత కత్తెరను తెల్లగుడ్డ మీద పెట్టేశాడు.

“నా వల్ల కాదు హస్నియక్కా. కూమ్ పిలుపు కాదన్నవాడు మా వంశంలో లేడు. ఇవాళ నేనయ్యాను. బజార్లో నన్నెవరూ పలకరించకపోతే పోనీ. పరువు కోసం నా పిల్లాడి గొంతు కోసుకోలేను.”

“భేష్,” అన్నాడు నాన్న. ఒక సెర్బు నోట ఆ మాట విని స్తీపోయే ముందు ఉలిక్కిపడ్డాడు.

అత్తయ్య ముఖం పాలిపోయింది. తన ఇంట్లో, తన వీధి ముందు, తను నెత్తిన పెట్టుకున్న మనిషి కాదన్నాడు. ఆవిడ మెల్లగా లేచింది. కత్తెర తీసుకుంది. గుమ్మం దాకా నడిచి క్రెషో ముందు ఆగింది.

“కూమ్ పిలుపు మనిషికి కాదు, ఇంటికి. తండ్రి కాదంటే కొడుక్కి వస్తుంది. తీసుకో.”

క్రెషో ఒక కుర్చీ దించాడు. తర్వాత రెండోది దించాడు. కత్తెర అందుకున్నాడు.

“కోస్తే ఏమవుతాను పెద్దమ్మా?”

“వీడికి కూమ్‌వి. జినెతాకి అన్నవి. ఈ ఇంట్లో ఏ పండగకైనా మొదటి పళ్ళెం నీది.”

“కొయ్యకపోతే?”

‘అల్లుడివి’ అన్న మాట అత్తయ్య నోటి దాకా వచ్చి ఆగిపోయింది. నేను ఆవిడ పక్కనే ఉన్నాను, నాకు కనిపించింది.

క్రెషో జినెతా వైపు చూశాడు. తను ఇప్పుడు ఏడవడం లేదు. తిన్నగా అతని కళ్ళలోకే చూస్తోంది. అతను కత్తెర మూసి, కోటు లోపలి జేబులో పెట్టుకున్నాడు.

“అయితే ఇది నా దగ్గర ఉండనివ్వండి పెద్దమ్మా. ఇంకో ఇంటి నుంచి మీరు కూమ్‌ని పిలుచుకున్న రోజున పట్టుకొచ్చి నా చేత్తో ఇస్తాను. అందాకా నేను పిలుపు కాదనలేదు, ఔననలేదు.”

అని వెనక్కి తిరిగి, ఈసారి తల వంచి గుమ్మం దాటి, పెరటి మీదుగా వాళ్ళింటి వైపు నడిచాడు.

“కుర్చీలు సరిపోయాయా క్రెషో?” అని చువ్వ దగ్గర నుంచి అడిగాడు నా మొగుడు. ఏ లోకంలో ఉన్నాడో.

“ఒరేయ్ దొంగా!” అత్తయ్యకి అప్పుడు నోరొచ్చింది. “అది మా అత్తగారి కత్తెర!”

ఆ వయసులో ఆవిడ అలా పరిగెత్తగలదని నేనెన్నడూ అనుకోలేదు. చెప్పులు కూడా వేసుకోలేదు. ఉన్ని మేజోళ్ళతోనే గడ్డి మీద పడి, గొర్రెను దాటి, నెజాద్‌ని పక్కకి నెట్టి, ప్రహరీలో ఉన్న చిన్న గేటు తోసుకుని పోయింది. క్రెషో వాళ్ళింట్లోకి వెళ్ళి తలుపు బార్లా తెరిచే ఉంచాడు.

మేమంతా కిటికీ దగ్గర ఒకరి మీద ఒకరం పడి చూస్తున్నాం.

అత్తయ్య ఆ గడప ముందు టక్కున ఆగిపోయింది. యుద్ధం తర్వాత ఆవిడ ఆ ఇంట్లో అడుగుపెట్టనేలేదట. కాతా ఎన్నిసార్లు పిలిచినా ‘మళ్ళీ వస్తాలే’ అనేది. ‘యుద్ధంలో పోయిన సామాను ఎవరింట్లో కనబడుతుందో, చూస్తే మళ్ళీ నవ్వుతూ మాట్లాడగలనో లేదో, చూడకపోవడమే మేలు’ అని ఒకసారి నాతో అంది. ఇప్పుడు ఒక చెయ్యి తలుపు చట్టం మీద వేసి అలాగే నిలబడింది. వెనక్కి తిరుగుతుందనుకున్నాను.

తిరగలేదు. లోపలికి వెళ్ళింది. ఆవిడ వెనకే తలుపు మూసుకుంది.

ఉన్నట్టుండి కాతా రెండు చేతులతో నెత్తి బాదుకుంది.

“అయ్యో నా తల్లీ! పొయ్యి మీద బీన్స్‌లో పంది కాళ్ళు ఉడుకుతున్నాయి! మూత కూడా పెట్టి రాలేదు!”

“ఇంకేం, అయిపోయింది,” అన్నాడు స్తీపో. “ముక్కు మూసుకుని ఈ క్షణమో మరుక్షణమో బయటపడుతుంది.”

నాన్న తల పంకించాడు. పక్కింటి ముసలావిడ ఏదో ప్రార్థన గొణిగింది. గొర్రె కొవ్వు నిప్పుల మీద చిటచిటలాడుతోంది. మూసిన ఆ తలుపు వైపే చూస్తున్నాం, సెర్బులం, క్రొయాట్లం, బోస్నియా ముస్లింలం, ఒకే కిటికీలోంచి. లోపలి నుంచి అరుపు లేదు. గిన్నె పడ్డ చప్పుడు లేదు.

జినెతా నా చెయ్యి వెతికి పట్టుకుంది. ఆ వేళ్ళ మీద పిండి ఎండిపోయి ఉంది.

“వదినా,” అంది మెల్లగా, “అమ్మ ఇంకా బయటికి రాలేదు.”